ఒంటికి పట్టని తీపి



నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మన వేములపల్లి మీదుగానే పోతుంది. వడ్ల ట్రాక్టర్లు, మిర్యాలగూడ రైసుమిల్లులకు పోయే లారీలు, వాటి సందుల్లోంచి దూరే బైకులు. బైకు మీదున్నాయన హెల్మెట్ ట్యాంకు మీదో చేతికో ఉంటుంది, తలకు మాత్రం ఉండదు. అట్లాంటివాళ్లు పడి తలకు గట్టి దెబ్బ తగిలి, మెదడు వాస్తోందని డాక్టరుకు అనుమానం వస్తే ఎక్కించే సీసాల్లో మానిటాల్ ఒకటి. పక్కనున్నవాళ్లు దాన్ని గ్లూకోజు అనుకుంటారు. నిజానికి అది గ్లూకోజు చేసే పనికి పూర్తిగా ఎదురు.

మానిటాల్ చక్కెరకు చుట్టమే. చక్కెర అణువుకు రెండు హైడ్రోజన్లు చేర్చితే వచ్చే రకం, షుగర్ ఆల్కహాల్ అంటారు. మత్తు ఉండదు. పంచదారలో సగం తీపి ఉంటుంది. పుట్టగొడుగుల్లో, సముద్రపు నాచులో సహజంగానే దొరుకుతుంది. సిసిలీ దీవిలో ఒక చెట్టు బెరడుకు గాటు పెడితే కారే తియ్యటి పాలలో ఇది ఉంటుంది. 1806లో ప్రూస్ట్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని ఆ పాల నుంచే విడదీశాడు.

రక్తంలోకి ఎక్కించిన మానిటాల్‌ను మన ఒళ్లు దాదాపు వాడుకోదు. కణాల్లోకి పోనివ్వదు, కరిగించి శక్తిగా మార్చుకోదు. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపేస్తాయి. ఈ పనికిరానితనమే దాన్ని మందు చేసింది. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉంటాయి, మానిటాల్ వాటిని దాటి మెదడులోకి పోలేదు. రక్తంలోనే చిక్కగా నిలిచి, వాచిన మెదడులోని నీటిని తనవైపు లాగుతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది చూడండి, పని అదే. పుర్రె ఎముక సాగదు కాబట్టి లోపల వాపు పెరిగితే మెదడు కిందికి నొక్కుకుపోయి ఊపిరిని నడిపే కేంద్రాలే ఆగిపోతాయి. మానిటాల్ అరగంటలోపే ఆ ఒత్తిడిని తగ్గించడం మొదలుపెడుతుంది, కొన్ని గంటలు కాపాడుతుంది. గాయాన్ని మాన్పదు. గడ్డకట్టిన రక్తాన్ని తీయదు. హైదరాబాదు ఇక్కడికి వంద కిలోమీటర్ల పైనే, ఆపరేషన్ బల్ల దాకా చేరడానికి కావలసిన వ్యవధిని సంపాదించి పెడుతుంది, అంతే. నా లెక్కన అది తక్కువేం కాదు.

లాగిన నీరంతా మూత్రంగా పోతుంది. అందుకే పైపు వేస్తారు, సంచి గబగబా నిండుతుంది. అది చూసి గాభరాపడకండి. కిడ్నీలు దెబ్బతిని మూత్రం రానివాళ్లకు ఈ మందు బయటికి పోయే దారి లేదు, రక్తంలోనే నిలిచిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ ప్రమాదమే. రక్తపోటు బాగా పడిపోయినవాళ్లకు చిక్కటి ఉప్పునీటి సెలైన్ మేలని డాక్టర్లు అనుకుంటారు. కాబట్టి ఇంట్లో పెద్దాయనకు కిడ్నీ జబ్బుందని, గుండె జబ్బుందని తెలిస్తే అడగకముందే చెప్పండి.

ఇంకో సంగతి. సాధారణంగా ఎక్కించే మానిటాల్ 20 శాతం చిక్కదనం, అంటే 100 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములు. చలికాలం రాత్రుల్లో సీసాలో తెల్లటి పలుకులు తేలుతాయి. మందు చెడిపోలేదు, చలికి పేరుకుంది. సిబ్బంది వేడినీళ్లలో పెట్టి పూర్తిగా కరిగించి, ఒంటి వేడికి చల్లార్చి, జల్లెడ ఉన్న సెట్టుతో ఎక్కిస్తారు.

ఒక్క తలకే కాదు. కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగే గ్లాకోమాలో కూడా ఇదే సీసా ఎక్కిస్తారు. మీరు దానం చేసిన రక్తంలోని ఎర్రకణాలు 42 రోజులు నిలవ ఉండడానికి కలిపే ద్రవంలోనూ మానిటాల్ ఉంటుంది, కణాలు పగిలిపోకుండా ఆపుతుంది. ల్యాబుల్లో చీము నమూనాను మానిటాల్, ఉప్పు కలిపిన పళ్లెంలో పెంచుతారు, పసుపు రంగుకు తిరిగితే స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద అనుమానం. ఒంటికి పట్టని తీపిని ఆ క్రిమి మాత్రం ఇష్టంగా తింటుంది!

షుగర్‌ఫ్రీ బిళ్లల్లో, బిస్కెట్లలో కూడా దీన్నీ దీని తోబుట్టువు సార్బిటాల్‌నూ వాడతారు. ఎక్కువ తింటే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలవుతాయి, షుగరున్న బావగారికి డబ్బా మొత్తం పెట్టకండి.

తలదెబ్బ తగిలినవాళ్లకు స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి, 108కు ఫోన్ చేయండి. పెద్దాస్పత్రికి పంపుతున్నప్పుడు ఇచ్చే చీటీలో మానిటాల్ ఎంత ఎక్కించారు, ఏ టైముకు ఎక్కించారు అన్నది రాయించుకోండి. అక్కడి డాక్టరు ముందు అడిగేవాటిలో అదొకటి.