మోటారు సైకిలు బ్రేకు: ఉక్కు అల్లిక పైపు

వంశధారా తీరాన ఉన్న శ్రీముఖలింగం తూర్పు గాంగరాజులు ఏలిన కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాల దర్శనార్థం మహాశివరాత్రికి వచ్చే యాత్రికులు ఒకప్పుడు ఎడ్లబండ్ల మీదనో, కాలినడకనో వచ్చేవారు. నేడు వారిలో చాలామందికి మోటారు సైకిలే వాహనం. నరసన్నపేట వద్ద జాతీయ రహదారిని విడిచి జలుమూరు వైపు పల్లెల మీదుగా పోయేవారికి ఎన్నో అవరోధాలు ఎదురవుతాయి. ఇంటికి మళ్లే పశువులు, దీపంలేని సైకిళ్లు, కోతల కాలంలో రోడ్డు మీదనే ఆరబోసిన ధాన్యం, మలుపులలో పేరుకొన్న ఇసుక మనకు తెలియనివి కావు. ఇట్టి దారిలో ఆలుబిడ్డలను వెనుక కూర్చుండబెట్టుకొని పోయే గృహస్థు కుడిచేతి వేళ్ల క్రింద ఉన్న చిన్న బ్రేకు లివరును నమ్ముకొని ప్రయాణం చేస్తున్నాడు.

బండితో వచ్చిన రబ్బరు బ్రేకు పైపును తీసివేసి, ఉక్కు తీగల అల్లికగల పైపును అమర్చుకొనడం కొంతకాలంగా యువకులలో వ్యాపించిన అలవాటు. దుకాణాలలో దీనిని 'బ్రెయిడెడ్ లైను' అని అడుగుతారు. దీని ప్రయోజనమేమి, దీనివల్ల కానిదేమి, అమర్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేమి అన్న మూడు విషయాలు శ్రోతలకు మనవి చేయదలచాను.

పూర్వపు మోటారు సైకిళ్లకు తీగెతోనో, కడ్డీతోనో లాగితే పనిచేసే డ్రమ్ము బ్రేకులు ఉండేవి. 1969లో వచ్చిన హోండా సి.బి. 750 బండితో, ద్రవపు ఒత్తిడి చేత పనిచేసే డిస్కు బ్రేకు ప్రపంచమంతటా ప్రసిద్ధిలోకి వచ్చింది. మన దేశంలో 1999 నాటి హీరో హోండా సి.బి.జెడ్., 2001 నాటి బజాజ్ పల్సర్ వంటి బండ్లు దీనిని సామాన్య గృహస్థుకు సన్నిహితం చేశాయి. ఇందులో లివరును నొక్కితే మాస్టర్ సిలిండరులోని బ్రేకు ఆయిలు మీద ఒత్తిడి కలుగుతుంది. ఆ ఒత్తిడి పైపు ద్వారా చక్రం వద్దనున్న కాలిపర్‌కు చేరి, ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టిస్తుంది. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దిలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం.

ఇక పైపు సంగతి. వెదురు చిమ్మనగ్రోవిలో నీరు నింపి కాడను త్రోస్తే, త్రోసినంత నీరూ వెంటనే బయటికి చిమ్ముతుంది. అదే నీటిని మెత్తని తోలుతిత్తిలో పోసి నొక్కితే ముందు తిత్తి ఉబ్బుతుంది, ఆ తరువాతనే నీరు కదులుతుంది. ఏళ్ల తరబడి ఎండకూ వేడికీ గురియైన రబ్బరు పైపు కొంతవరకు ఆ తిత్తివలె ప్రవర్తిస్తుంది. ఉక్కు అల్లిక పైపులో లోపలి గొట్టం పి.టి.ఎఫ్.ఇ. అనే పదార్థంతో చేసినది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ కనుగొన్న ఈ పదార్థం, టెఫ్లాన్ అనే పేరుతో, అంటుకోని పెనాల మీద పూతగా మన గృహిణులకు పరిచితమే. దానిపైన సన్నని ఉక్కు తీగల అల్లిక బిగువుగా ఉండి గొట్టాన్ని ఉబ్బనీయదు. అందువల్ల లివరు గట్టిగా, నమ్మకంగా చేతికి తగులుతుంది. 2013లో మన దేశంలో విడుదలైన కె.టి.ఎం. 390 డ్యూక్ వంటి కొన్ని బండ్లకు ఇట్టి పైపులను కర్మాగారంలోనే అమర్చారు.

అయితే ఈ పైపు బ్రేకు బలాన్ని పెంచదు. బండిని ఆపేది చివరికి టైరుకూ రోడ్డుకూ గల పట్టు. ఇసుక మీదనో, ధాన్యం మీదనో ఆ పట్టు సడలిపోయినప్పుడు ఎంత ఖరీదైన పైపైనా చేయగలిగింది లేదు. పైగా మెత్తని లివరును గట్టిగా లాగడానికి అలవాటుపడిన చేయి, కొత్త లివరును కూడా అట్లే లాగితే ముందుచక్రం బిగుసుకొని బండి పడిపోవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మనిషి అర సెకను ఆలస్యంగా మేల్కొంటే 8 మీటర్లు గడచిపోతాయి. ఆ నష్టాన్ని ఏ పైపూ పూరించలేదు.

మరొక ముఖ్య విషయం కలదు. పైపు మార్చినప్పుడు పాత ఆయిలు పోయి కొత్త ఆయిలు వస్తుంది, చిక్కుకొన్న గాలి కూడా బయటికి పోతుంది. బ్రేకు బాగుపడిందన్న సంతోషంలో అధికభాగం దీనివల్లనే కావచ్చు. సాధారణ బ్రేకు ఆయిలుకు తేమను పీల్చే గుణం ఉన్నది. మన సముద్రతీరపు గాలిలో తేమకు కొదువ లేదు. డాట్ 4 రకం ఆయిలు తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగరాదని ప్రమాణం. తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలే. శృంగవరపుకోట నుండి అరకు వెళ్లే కనుమదారిలో దిగుతూ ఎడతెగక బ్రేకు పట్టినప్పుడు, వేడికి ఆయిలులోని నీరు ఆవిరైతే లివరు చేతిలో మెత్తగా కూలిపోతుంది. కనుక లివరు మెత్తబడిన వెంటనే కొత్త పైపు కొనడం కాదు, ముందు ఆయిలును మార్పించి, గాలి తీయించి, ప్యాడ్ల అరుగుదలను, పైపు పగుళ్లను చూడవలెను. అంతటితో దోషం తీరితే డబ్బు మిగిలినట్లే. రబ్బరు పైపు పాతబడి ఉబ్బుతున్నా, పగిలినా మార్చడం విధి. అప్పుడు అల్లిక పైపును ఎన్నుకొనడం సమంజసం.

అమర్చే పనిలో మొదటిది కొలత. హ్యాండిలును ఇరువైపులా పూర్తిగా త్రిప్పినా, ముందు ఫోర్కు పూర్తిగా సాగినా పైపు బిగుసుకోరాదు. పాత పైపు పోయిన దారినే కొత్తదీ పోవలెను. సైలెన్సరుకు గాని, టైరుకు గాని తగలరాదు. పై తొడుగులేని ఉక్కు అల్లిక ఆకురాయివలె రంగునూ, విద్యుత్తీగెలనూ అరగదీస్తుంది. పైపును మడత పడనీయరాదు. ఒకసారి నొక్కుపడితే లోపలి గొట్టం తిరిగి బాగుకాదు.

పైపు కొసలను బిగించే బ్యాంజో బోల్టులకు ఇరుప్రక్కలా కొత్త రాగి వాషర్లు గాని, అల్యూమినియం వాషర్లు గాని వేయవలెను. పాతవాటిని మరల వాడరాదు. బోల్టులను తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించాలి. బలం కొద్దీ బిగిస్తే మర చెడిపోతుంది. బ్రేకు ఆయిలు రంగును తినివేస్తుంది గనుక ట్యాంకు మీద గుడ్డ కప్పి, చిందిన చోట వెంటనే నీటితో కడగవలెను. మూత విప్పని సీసాలోని, బండికి నిర్దేశించిన రకం ఆయిలునే పోయాలి. కిరోసిను, ఇంజను ఆయిలు తగిలితే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి.

తరువాత గాలి తీయడం. లివరును నొక్కి పట్టి, కాలిపర్ మీది నిపులును కొద్దిగా వదులు చేస్తే ఆయిలుతో పాటు బుడగలు వస్తాయి. నిపులును బిగించిన పిమ్మటనే లివరును వదలవలెను. పై డబ్బాలో ఆయిలు తగ్గనీయక, బుడగలు నిలిచేవరకు ఇట్లే చేయాలి. ఏ.బి.యస్. ఉన్న బండి అయితే ఈ పనిని తగిన పరికరాలున్న కార్ఖానాకే అప్పగించడం క్షేమకరం. 125 సి.సి.కి మించిన కొత్త బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో ఏ.బి.యస్. తప్పనిసరి అయింది.

పని ముగిశాక లివరును ఒక నిమిషంపాటు గట్టిగా పట్టి, అతుకుల వద్ద తడి ఉన్నదేమో చూడవలెను. లివరు వదిలితే చక్రం సులువుగా తిరగాలి. మొదటి పరీక్ష జనంలేని మైదానంలో, నెమ్మది వేగంతోనే జరగాలి. మరునాడు అతుకులను మరొకసారి చూడాలి. అల్లిక చాటున లోపలి గొట్టం దెబ్బతిన్నా పైకి కనిపించదు గనుక, తెగిన తీగె ఒక్కటి కనబడినా ఆ పైపును మార్చవలసినదే.

ఇంటినుండి బయలుదేరేముందు బ్రేకు లివరును ఒకసారి నొక్కి చూడడానికి రెండు క్షణాలు చాలు. అది హ్యాండిలు దాకా వచ్చిందంటే, ముఖలింగేశ్వరుని దర్శనం మరునాటికి వాయిదా వేసుకొని, ఆ పూట బండిని మెకానిక్కు వద్దకు నడిపించుకొని పోవడం మేలు.