జేబులో ఇమిడే కనిపించని దీపము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



25 సంవత్సరముల క్రిందట ఒక అద్దె గదిలో, రెండు కర్ర బీరువాలతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభసమయమున సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఆ పనిని నాకంటె సమర్థులైన పెద్దలు ఇదివరకే నిర్వహించిరి. నేను బడిలో విజ్ఞానశాస్త్రము బోధించి జీవితము గడపినవాడను. అందుచేత ఒక చిన్న వస్తువును మీ ఎదుట ఉంచి, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పి సెలవు తీసికొందును.

ఇదిగో, నా చేతిలోనిది ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె. చొక్కా జేబులో పట్టును. దీని ముందు భాగమున శనగగింజంత దీపము, పైన ఒక మీట, లోపల రెండు పెన్సిల్ సెల్లులు ఉన్నవి. మీట నొక్కినచో దీపము వెలుగును. కాని ఆ వెలుగు మీలో ఎవ్వరికిని కనిపించదు. దానిని టెలివిజన్ పెట్టె మాత్రము చూడగలదు, చూచి ఆరిపోగలదు. దీనిని చేసినవాడు ఇంజనీరు కాడు; మన గ్రంథాలయమునకు వచ్చుచుండిన తొమ్మిదవ తరగతి బాలుడు. అతని సంగతి తరువాత మనవి చేసెదను. ముందుగా ఆ వెలుగు సంగతి.

1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకము నుంచి వేడిని కొలిచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును కనిపించని చోట ఉంచిన ఉష్ణమాపకము కూడ వేడెక్కెను. అక్కడ కంటికి అందని కిరణము లున్నవని తేలెను. వానినే మనము పరారుణ కిరణములనియు, ఇంగ్లీషువారు ఇన్‌ఫ్రారెడ్ అనియు అందురు. ఇవి మనకు కొత్తవి కావు. పొయ్యిలో మంట ఆరి, నిప్పులపై బూడిద కప్పిన పిదప కూడ దూరముగా చాచిన అరచేతికి వెచ్చదనము తగులుట వీని వలననే. మన శరీరములు సైతము వీనిని ఎల్లవేళల వెదజల్లుచుండును. పులుల గణనకై అడవిలో చెట్లకు కట్టెడి కెమెరాలు, ముందుగా నడచిపోవు జంతువు వెచ్చదనమును ఈ కిరణముల ద్వారా పసిగట్టి ఛాయాచిత్రము తీయును.

టెలివిజన్‌ను కూర్చున్న చోటినుండియే ఆర్పవలెనను కోరిక పాతదే. అమెరికాలో జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ 1955లో మామూలు వెలుతురుతో పనిచేయు పరికరమును కల్పించెను. అయితే కిటికీలోనుండి ఎండ పడినప్పుడు కూడ ఆ టెలివిజన్ ఆజ్ఞ అందినట్లే భ్రమపడెడిది. 1956లో అదే కంపెనీకి చెందిన రాబర్ట్ ఆడ్లర్ చెవికి వినబడని ధ్వనితో పనిచేయు మరియొక దానిని తెచ్చెను. 1960 ప్రాంతమున పరారుణ కాంతి నిచ్చు చిన్న అర్ధవాహక దీపములు పుట్టిన తరువాత, క్రమముగా అవియే ఇంటింటి రిమోటులలో స్థిరపడెను.

ఇక్కడ ఒక సందేహము కలుగవలెను. ఎండలో, పొయ్యిలో, మన ఒంటిలో సైతము పరారుణ కిరణములు ఉన్నప్పుడు, టెలివిజన్ తన రిమోటును ఎట్లు గుర్తించును? దీనికి సమాధానము మన పల్లె చాటింపులోనే ఉన్నది. దండోరా వేయువాడు వచ్చినంతనే విషయము చెప్పడు. ముందు డప్పు వాయించును. వీధిలో ఎన్ని చప్పుళ్లున్నను డప్పు మోత వేరుగా వినబడును. జనులు చెవి యొగ్గిన పిమ్మట, ఫలానా వాడవారు వినవలెనని పిలిచి, అప్పుడు సంగతి చెప్పును.

రిమోటు చేయునదియు ఇదియే. దాని దీపము ఊరక వెలుగదు. సెకనుకు సుమారు 38,000 మారులు వెలిగి ఆరుచుండును. అదియే దాని డప్పు మోత. టెలివిజన్‌లోని కన్ను ఆ లయను మాత్రమే లెక్కగొని, నిలకడగా పడు తక్కిన వెలుగును విడిచిపెట్టును. ఎక్కువగా వాడుకలో నున్న ఎన్.ఇ.సి. పద్ధతిని చూడుడు. సెకనును వేయి భాగములు చేసినచో, అందు 9 భాగముల కాలము ఈ మినుకు సాగును. తరువాత నాలుగున్నర భాగముల మౌనము. ఇది పిలుపు. పిదప 32 గుర్తులు వచ్చును. ప్రతి గుర్తునకు ముందు ఒక చిన్న మినుకు. దాని వెనుక మౌనము పొట్టిదైనచో సున్న, సుమారు మూడింతలైనచో ఒకటి. మొదటి 8 గుర్తులు పరికరము పేరు. తరువాతి 8 అదే పేరు తారుమారుగా, అనగా సున్నకు ఒకటి, ఒకటికి సున్న. అటులనే ఆజ్ఞకు 8, దాని తారుమారుకు 8. విన్నది సరియో కాదో టెలివిజన్ పోల్చి చూచుకొనుటకే ఈ రెండవ మారు చెప్పుట. ఇంత జరుగుటకు సెకనులో పదవ వంతైనను పట్టదు.

ఇట్టి దానిని ఇంట చేసికొనుటకు రెండు మార్గములున్నవి.

మొదటిది పారవేసిన రిమోటును బ్రతికించుట. చాలమారులు రిమోటు చెడుట అనగా, రబ్బరు మీటల అడుగున నున్న నల్లపూత అరుగుటయో, సెల్లు కారి రేకులకు చిలుము పట్టుటయో మాత్రమే. లోపలి చిప్పు, దీపము క్షేమముగానే ఉండును. పలకను బయటికి తీసి, ఆర్పు మీట క్రిందనున్న రెండు నల్లని దారులను చిన్న తీగతో కలిపి, దీపమును సెల్‌ఫోను కెమెరాలో చూడవలెను. కంటికి కనిపించని వెలుగు కెమెరాలో లేత ఊదాచుక్కవలె మెరయును. వెనుక కెమెరాలో కనిపించనిచో ముందు కెమెరాతో చూడుడు. చుక్క మెరసినచో పని సగమైనట్లే. ఆ నల్లనిది బొగ్గుపూత గనుక దానిపై టంకము నిలువదు. ఆ మీటనుండి చిప్పు వరకు పోవు రెండు రాగి దారులను వెదకి, పైనున్న ఆకుపచ్చ వార్నిషును బ్లేడుతో మెల్లగా గీకి, రాగి మెరసిన చోట సన్నని తీగలను అతికి, వానిని ఒక కొత్త మీటకు కలుపవలెను. చిప్పు, దాని ప్రక్కనున్న చిన్న భాగములు, దీపము, సెల్లుల తీగలు నిలుపుకొని, తక్కిన పలకను కోసివేయవచ్చును. అప్పుడది సబ్బుపెట్టెలో ఇమిడిపోవును.

రెండవ మార్గము మొదటినుండి కట్టుట. దీనికి అట్టినీ85 అను ఎనిమిది కాళ్ల చిప్పు, ఒక పరారుణ దీపము, 2ఎన్2222 వంటి ట్రాన్సిస్టరు, ఒక మీట, రెండు పెన్సిల్ సెల్లులు కావలెను. చిప్పునుండి ట్రాన్సిస్టరునకు 1,000 ఓములు, దీపమునకు వరుసగా 15 ఓముల రెసిస్టరులు వేసినచో సుమారు 100 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దీపములో పారును. మన టెలివిజన్ భాష ఏదో తెలిసికొనుటకు మూడుకాళ్ల గ్రాహకము నొకదానిని ఆర్డుయినో పలకకు తగిలించి, అసలు రిమోటును దాని ఎదుట నొక్కవలెను. గుర్తులు కంప్యూటరు తెరపై అంకెలుగా వచ్చును. ఆ అంకెలనే చిప్పునకు నేర్పవలెను. ఇందులో ఒక్కొక్క రిమోటునకు పట్టు భాగముల వెల అంతయు కలిసినను ఒక లావుపాటి నవల వెలకు అటునిటుగానే ఉండును.

పిల్లలకు మూడు హెచ్చరికలు. సెల్లులతో చేయు ఈ పనిలో షాకు భయము లేదు గాని, ఆ ధైర్యముతో టెలివిజన్ పెట్టెనుగాని, గోడ స్విచ్చులనుగాని విప్పరాదు. టంకము పొగను పీల్చక, గాలి వచ్చు చోట పనిచేసి, చేతులు కడుగుకొనవలెను. కనిపించదు గదా యని వెలుగుచున్న దీపమును కంటి దగ్గర పెట్టుకొని చూడరాదు.

ఇక ఆ బాలుని సంగతి. చాల సంవత్సరముల క్రిందట మన పఠన మందిరములోనికి ఒక దాత దయవలన టెలివిజన్ వచ్చినది. అందరము సంతోషించితిమి. దేశములో టెలివిజన్ పల్లెకు వచ్చినది కూడ ఇట్లే గదా! 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగములో, నాటి మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో జనులు ఒక్కచోట చేరి చూచిరి. మన మందిరములోను సాయంకాలమైనచో క్రికెట్టు, ధారావాహికలు. బల్లల దగ్గర చదువుకొనువారు ఒక్కరొక్కరే తగ్గిపోయిరి. దానిని మేము గమనింపలేదు. జనము పెరిగినదనియే మురిసిపోతిమి.

కొంత కాలమునకు టెలివిజన్ తనంతట తాను ఆరిపోసాగెను. మూడు మారులు పట్టణమునుండి మెకానిక్కును పిలిపించితిమి. అతడు ఏ లోపము లేదని చెప్పి, కూలి పుచ్చుకొని పోయెను. అప్పుడు నేను కార్యవర్గములో ఉంటిని. ఒకనాటి సాయంకాలము మూల బల్ల దగ్గర కూర్చున్న బాలుని జేబునుండి ఈ సబ్బుపెట్టెను పట్టుకొంటిని. అతడు అడవి అంచునున్న గూడెమునుండి వచ్చి, ఆశ్రమ పాఠశాలలో చదువుచుండెడివాడు. మన చెత్తగదిలో పడవేసిన పాత రిమోటే దీని లోపలిది. అందరి ఎదుట, "ఏమిరా, గ్రంథాలయం సొమ్ము దొంగిలిస్తావా?" అని గద్దించితిని. అతడు తల వంచుకొని, "చదువుకుందామని సార్" అని మాత్రము అనెను. మరునాడు తాను తీసికొనిన రెండు పుస్తకములను మరియొక పిల్లవానిచేత పంపివేసెను. మరల రాలేదు.

వారము తరువాత ఈ పెట్టె విప్పి చూచితిని. వార్నిషు గీకిన చోట రాగికి ఒక్క గాటు లేదు. టంకము బొట్లు ఆవగింజలవలె గుండ్రముగా ఉన్నవి. పరారుణ కిరణములను గూర్చి అన్ని సంవత్సరములు నల్లబల్లపై బోధించిన నేను ఒక్కనాడైనను ఒక్క రిమోటును విప్పి పిల్లలకు చూపలేదు. ఆ తలపు నన్ను కలచినది. అంతకంటె ఎక్కువగా కలచినది మరియొకటి. మన సలహాల పెట్టె తాళము చాల నెలల తరువాత తీయగా, ఒకే చేతివ్రాతతో రెండు చీటీలు కనిపించెను. "సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు టీవీ ఆపవలెనని ప్రార్థన." ఆ బాలుడు ముందు మనలను అడిగెను. మనము వినలేదు. పిదపనే మీట నొక్కెను.

గూడెమునకు పోతిని. ఆ కుటుంబము మిరపకోతలకు పోయినదని, పిల్లవాడును వెంట వెళ్లెనని చెప్పిరి. తరువాత పాఠశాలలోను అతని పేరు లేదు. నేను చెప్పవలసిన క్షమాపణ నా దగ్గరనే ఉండిపోయినది.

అతడు చేసినది ఒప్పని నేను చెప్పుట లేదు. 2004లో అమెరికాలో మిచ్ ఆల్ట్‌మన్ అను ఇంజనీరు ఇట్టి పరికరమునే తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనునట్లు చేసి, టీవీ-బి-గాన్ అను పేరుతో అమ్మకమునకు పెట్టెను. ఒక మీట నొక్కినంతనే, అనేక కంపెనీల టెలివిజన్లను ఆర్పు ఆజ్ఞలు వరుసగా వెలువడును. బహిరంగ స్థలములలో కొంత నిశ్శబ్దము దొరకవలెనన్నదే అతని కోరిక. కాని 2008లో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్ ప్రదర్శనలో కొందరు విలేకరులు దీనితో ఇతరుల ప్రదర్శన తెరలను ఆర్పి అభాసుపాలైరి. ఇరువది మంది చూచుచున్న దానిని ఒకని జేబు నిర్ణయించుట న్యాయము కాదు. అయితే ఇరువది మంది చదువుకొను చోటును ఒక పెట్టె ఆక్రమించుటయు న్యాయము కాదు. ఈ తగవు మీటతో తీరదు, మాటతో తీరవలెను. ఆ చీటీలు చదివిన తరువాత టెలివిజన్‌ను వసారాలోనికి మార్చి, వేళలు ఏర్పరచితిమి. అరగంట సమావేశములో తీరిన పని అది. దానికి మనము ఒక చదువరిని పోగొట్టుకొంటిమి.

మన ఖమ్మము సీమ పొలిమేరలోని పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రలతోపాటు విజ్ఞానశాస్త్ర గ్రంథములను తెలుగులో అచ్చువేయించిరి. శాస్త్రము మన భాషలో మన చేతికి అందవలెనని వారి సంకల్పము. పుస్తకము చేతికి అందినది. ఇక పనిముట్టు అందవలెను.

కావున ఈ సభయందు నా మనవి రెండు మాటలు. పఠన మందిరము ప్రక్క గదిలో ఒక బల్ల, ఒక టంకపు కమ్మి, నాలుగు స్క్రూడ్రైవర్లు, పాడైన రిమోటులు వేయుటకు ఒక బుట్ట ఏర్పాటు చేయుడు. ఆదివారములలో ఆ బల్ల దగ్గర కూర్చుండుటకు నేను సిద్ధము. మొదటి పనిముట్ల వెల నా పింఛనునుండి ఇచ్చెదను. రెండవది, సలహాల పెట్టె తాళము ప్రతి శనివారము తీయుడు.

ఈ సబ్బుపెట్టెను నేడు గ్రంథాలయమునకు అప్పగించుచున్నాను. దీనిని బీరువాలో పెట్టి తాళము వేయవలదు. ఆ బల్లమీదనే ఉంచుడు. ఏ పిల్లవాడైనను విప్పి చూడగోరినచో చూడనిండు. ఎప్పుడైనను దీనిని చేసినవాడు ఈ త్రోవన వచ్చినచో, ఇది అతనిది, అతనికే ఇచ్చివేయుడు. నా తరఫున ఒక మాట కూడ చెప్పుడు: "ఎట్లా చేశావు?" అని ఆనాడు అడుగవలసిన ప్రశ్నను ఉపాధ్యాయుడు అడుగక పోయినందుకు మన్నింపుమని.