గాజులు వదులు, కడియాలు బిగువు

(ఒక ఊరి మహిళా సంఘం సమావేశంలో నర్సమ్మ చెప్పిన మాటలు)

అక్కలారా! చెల్లెళ్లారా!

ఈ రోజు మన ఇళ్లలోని పెద్దవాళ్ల గురించి మాట్లాడుకుందాం. ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా అత్తమ్మకు 72 ఏళ్లు. ఒకప్పుడు ఇంటెడు చాకిరీ చేసిన మనిషి. రాను రాను అరుగు దిగడం మానేసింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడదు. లేచి గోడకు ఆనుకుని కూర్చునేది. "వయసు మీద పడింది, అంతే" అనుకున్నాం. నేను నర్సునే. అయినా నేనూ అలాగే అనుకున్నాను.

ఒక రోజు అత్తమ్మే అడిగింది. "అమ్మాయ్! చేతి గాజులు జారిపోతున్నాయి. కాలి కడియాలేమో బిగిసిపోతున్నాయి. ఇదేం చోద్యమే?"

నేను ఉలిక్కిపడ్డాను. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరుగారు పరీక్షలు చేసి, "గుండె బలహీనపడింది" అన్నారు.

అంటే ఏమిటి? గుండె ఆగిపోవడం కాదు. మన వీధిలో బోరింగు ఉంటుంది కదా. లోపల వాషరు అరిగితే ఏమవుతుంది? ఎంత కొట్టినా నీళ్లు కొంచెమే వస్తాయి. గుండె కూడా అంతే. ఒంటికి కావలసినంత రక్తం పంపలేదు. అప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. కాళ్లకు దిగితే వాపు. ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం.

మరి గాజులు ఎందుకు వదులయ్యాయి? కండ కరిగిపోయింది కాబట్టి. ఆకలి ఉండదు, తినరు. ఆయాసమని కదలరు. కదలకపోతే కండ కరుగుతుంది. కండ కరిగితే ఇంకా కదలలేరు. తూకం వేస్తే మాత్రం బరువు తగ్గినట్టు కనబడదు. కండ పోయింది, నీరు చేరింది మరి!

ఇలా చిక్కిపోవడం, నీరసించడం, నడక మందగించడం, చేతి పట్టు తగ్గడం వట్టి ముసలితనం కాదు. గుండె బలహీనపడిన వాళ్లలో నూటికి సుమారు 45 మందికి ఈ నీరసం ఉందని 2017లో లెక్క తేల్చారు. వీళ్లు ఎక్కువగా కింద పడతారు. మాటిమాటికీ ఆసుపత్రి పాలవుతారు. ప్రాణాపాయమూ ఎక్కువే.

దీనికి దారి లేదా? ఉంది. 2021లో అమెరికా డాక్టర్లు ఒక పరిశోధన ఫలితం చెప్పారు. గుండె బలహీనమై ఆసుపత్రిలో చేరిన 349 మంది పెద్దవాళ్లను చూశారు. కొందరికి మామూలు వైద్యం చేశారు. కొందరికి దానితో పాటు కాళ్లకు బలం వచ్చే కసరత్తు, నిలకడగా నిలబడటం, నడక నేర్పారు. 3 నెలల్లో వీళ్ల ఒంటి సత్తువ బాగా మెరుగయింది. అయితే తిరిగి ఆసుపత్రిలో చేరడం పెద్దగా తగ్గలేదు. కాబట్టి కసరత్తు ఒక్కటే చాలదు. మందు, తిండి, కనిపెట్టుకుని ఉండటం, అన్నీ కావాలి.

మేం ఏం చేశామంటే:

మందులు ఒక్కపూట కూడా మానలేదు. కళ్లు తిరిగితే డాక్టరుకు చెప్పాం. మనంతట మనం ఆపకూడదు. మోకాళ్ల నొప్పి మాత్రలు కొట్లో అడిగి కొనడం మానేశాం. వాటిలో చాలా రకాలు ఒంట్లో నీరు పెంచుతాయి.

ఊరగాయ, అప్పడం, ఎండుచేప తగ్గించాం. వాటినిండా ఉప్పే. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది.

వట్టి గంజి పోయడం మానేశాం. డాక్టరును అడిగి పప్పు, గుడ్డు, పాలు పెట్టాం.

డాక్టరు సరేనన్నాక కసరత్తు మొదలుపెట్టాం. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదట 2 సార్లు, తర్వాత 5 సార్లు. పక్కన ఒక మనిషి ఉండాలి. ఆయాసం వస్తే ఆపాలి.

ఇక అన్నిటికంటే పనికొచ్చింది గోడమీది కాలెండరు! రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు అత్తమ్మను తూచి, తేదీ కింద బరువు రాయాలి. నేను డ్యూటీకి పోతాను. మా తోటికోడలు రాసేది. ఆమె రాత్రి బడిలో కొత్తగా అంకెలు నేర్చుకుంది. ఒక వారం ఇలా రాసింది: 46, 47, 48న్నర. "అక్కా! 3 రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగింది" అని నన్ను పిలిచింది. 3 రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగితే అది నీరు. ఆ రోజే డాక్టరుకు చూపించాం. నీరు తీసే మాత్ర మార్చి ఇచ్చారు. ఆయాసం ముదరక ముందే తగ్గింది.

అత్తమ్మ జబ్బు పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు అరుగు దిగుతుంది. పక్కింటిదాకా పోయి కబుర్లు చెప్పి వస్తుంది.

మీ ఇంట్లో పెద్దావిడ కాళ్లు ఈ రాత్రే చూడండి. వేలితో నొక్కితే గుంట పడుతోందా? పడుకుంటే ఆయాసం వస్తోందా? అయితే ఆలస్యం చేయకండి. ఊపిరి అసలే ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

సెలవు.

చదివారు కదా! చెప్పండి:
1. గాజులు వదులై, కడియాలు ఎందుకు బిగిశాయి?
2. తోటికోడలు కాలెండరులో ఏం రాసింది? దానివల్ల ఏం మేలు జరిగింది?
3. మీ ఇంట్లో పెద్దవాళ్ల బరువు ఎంత? తూచి, ఇక్కడ రాయండి.