బావి గిలక: బలమును లెక్కించు విధము

(రైతుల సభలో చదువుటకై వ్రాసిన ఉపన్యాసము)



వేసవిలో బావుల పూడిక తీయించుట మీకు క్రొత్త పని కాదు. ఒండ్రుమట్టిని గంపలతో చేదవచ్చును గాని, ఒడ్డు విఱిగి లోనబడిన బండరాయిని, చెడిపోయిన పంపును పైకి తెచ్చుటకు గిలక సాయము కావలెను. గిలక ఎంత బలము నిచ్చునో, దూలముపై ఎంత భారము మోపునో ముందుగా లెక్కింపక పనికి దిగినచో, మోకు తెగుటయు, దూలము విఱుగుటయు, బావిలోనివారి ప్రాణములకే ముప్పు కలుగుటయు సంభవించును. ఆ లెక్క కష్టమైనది కాదు.

మొదట దూలమునకు కట్టిన ఒంటి గిలకను చూతము. ఇది తిరుగునే గాని చోటు వదలి కదలదు. దీనితో 120 కిలోల రాతిని ఎత్తుటకు 120 కిలోల బలముతోనే లాగవలెను. పైకి లాగుటకు మాఱుగా క్రిందికి లాగగలుగుదుము, అంతియే. మోటబావి గిలకయు నిట్టిదే. ఎడ్ల బాటను ఏటవాలుగా నేర్పఱచినది, వాని శరీరభారము కూడ లాగుటకు తోడ్పడుటకే; గిలకవలన వాని శ్రమ తగ్గియుండలేదు.

ఇక రెండవ విధము. మోకు కొనను దూలమునకు కట్టి, మోకును క్రిందికి దించి, కొక్కెముగల మఱియొక గిలక అడుగునుండి త్రిప్పి, మరల పైకి తెచ్చి, దూలపు గిలక మీదుగా చేతికి తీసికొనుడు. రాతిని క్రింది గిలక కొక్కెమునకు తగిలింపుడు. ఇప్పుడు రాతిని మోకుయొక్క రెండు పేటలు మోయుచున్నవి. ఒక్కొక్క పేటపై 60 కిలోలే పడును గనుక, లాగువారికి 60 కిలోల బలము చాలును. ఎత్తిన బరువును లాగిన బలముచే భాగింపగా వచ్చునది యాంత్రిక లాభము. ఇచ్చట నది 2. పైన రెండు, క్రింద రెండు గిలకలున్నచో మోయు పేటలు 4, లాభము 4, కావలసిన బలము 30 కిలోలు. క్రింది గిలకలను మోయు పేటలనే లెక్కింపవలెను. పైనుండి చేతికి వచ్చు పేటను విడువవలెను.

ఈ లాభము ఊరక రాదు. 40 అడుగుల లోతునుండి ఎత్తుటకు ఒంటి గిలకతో 40 అడుగుల మోకును లాగిన చాలును. రెండు పేటలకు 80, నాలుగు పేటలకు 160 అడుగులు లాగవలెను. బలము తగ్గినంత దూరము పెరుగును.

పై లెక్కలో ఇరుసు రాపిడిని, క్రింది గిలక బరువును చేర్చలేదు. 60 కిలోలు చాలవలసిన చోట 75 కిలోలు పట్టినచో నిజమైన లాభము 1.6 మాత్రమే. గిలకలు పెరిగినకొలది రాపిడియు పెరుగును. కావున ఇరుసులకు చమురు వేయుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది దూలము. మోకును నిలువుగా క్రిందికి లాగునపుడు, రాతి బరువును లాగు బలమును రెండును కలిసి దూలముపై పడును. ఒంటి గిలకకు 240, రెండు పేటలకు 180, నాలుగు పేటలకు 150 కిలోలు. రాపిడి యున్న కొలది ఇంకను హెచ్చు. రాతి బరువొక్కటే చూచి దూలమును ఎన్నుకొనువారు ఇచ్చటనే మోసపోవుదురు. బురదలో కూరుకొనిన రాతిని పెకలించుటకు దాని బరువుకంటె హెచ్చు బలము పట్టును గనుక, ముందు గడ్డపాఱతో దానిని కదలించి, పిమ్మట లాగుడు.

కావున పేటలను లెక్కింపుడు. దూలమును, మోకును పరీక్షింపుడు. లాగెడి మోకును చేతికి చుట్టుకొనక, ఆగినపుడు గట్టి గుంజకు బిగింపుడు. రాయి పైకి వచ్చునపుడు బావిలో నెవ్వరును లేకుండ చూడుడు. ఈ నాలుగును పాటించినచో గిలక మీకు నమ్మకమైన పనివాడు కాగలదు.