కేసు కట్టని నేరం



అనంతపురంలో మన పేట పేరు చెబితే చాలు, "ఆడ నేరాలెక్కువప్పా" అంటారు. ఏ లెక్క అది? జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా అచ్చేసే లెక్క స్టేషన్లలో కట్టిన కేసులది. జరిగిన నేరాలన్నీ అందులో వుండవు.

వానల్లేక వూళ్లిడిచి టౌనుకొచ్చినోళ్లం మనం. ఎక్కడో గొలుసు పోతే మొదట మన తలుపే తడతారు. మన పిల్లోణ్ని కులం పేరుతో తిట్టి కొట్టినారని మేం పోతే, పొద్దుగూకేదాకా బయట కూచోబెట్టి "రాజీ చేసుకోండి" అని పంపిచ్చినారు. ఆ దెబ్బలు ఏ లెక్కలో వున్నాయి?

తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలై, ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలంది. 1952లో ఆ చట్టం పోయింది. ఆ చూపు మాత్రం పోలేదు.

కారంచేడులో 1985లో మనవాళ్ల నెత్తురు పారింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కావాలని కేసు కట్టని అధికారికి, ఆయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే, 4వ సెక్షను కింద 6 నెలల నుండి ఏడాది జైలు. ముందు విచారణ చేసి తర్వాత కేసు కడతామనడానికీ వీల్లేదు. 2018 సవరణ ఆ మాటే చెప్పింది.

అందుకే ఒంటిగా పోవద్దు, పదిమందిమి పోదాం. ఫిర్యాదు రాతలో ఇద్దాం. ఎఫ్‌ఐఆర్ నకలు చేతికొచ్చేదాకా గడప దిగొద్దు. దానికి పైసా ఇవ్వక్కర్లేదు.

మన పేట లెక్క పెరిగితే పెరగనీ, పేరు చెడుతుందని భయపడొద్దు. రాయించని దెబ్బే రేపు మళ్లీ మన పిల్లోడి వీపు మీద పడేది.

జై భీమ్!