పెట్టెను బట్టి పని, పనిని బట్టి లైనక్స్



బ్యాంకు కౌంటర్లోనో, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేచోటో, కాలేజీ లైబ్రరీలోనో మానిటర్ వెనక బిగించి ఉండే చిన్న నల్ల పెట్టెను మీరు చూసే ఉంటారు. దాన్ని థిన్ క్లయింట్ అంటారు. అసలు పనంతా ఎక్కడో ఉన్న సర్వర్ చేస్తుంది. ఆ సర్వర్ తెరను మన కళ్ల ముందుకు తేవడం, మనం కొట్టిన అక్షరాన్ని అక్కడికి చేర్చడం, ఇదీ ఈ పెట్టె ఉద్యోగం. అందుకే ఇందులో పెద్ద ప్రాసెసర్ ఉండదు, హార్డ్ డిస్క్ ఉండదు, చాలా మోడళ్లలో ఫ్యాను కూడా ఉండదు.

కొన్నేళ్లకు ఆ సంస్థ కొత్తవి కొంటుంది. పాతవి స్టోర్ రూములో గుట్టపడతాయి. అక్కడి నుంచి వేలానికి, వేలం నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లకో, లేదంటే నేరుగా తుక్కు కొట్టుకో చేరతాయి. తిరిగే భాగాలు లేవు కాబట్టి వాటిలో చాలా పెట్టెలు ఇంకా బాగానే పనిచేస్తుంటాయి. కాలం చెల్లింది లోపలి సాఫ్ట్‌వేర్‌కు. ఉదాహరణకు, ఒకప్పుడు ఎన్నో థిన్ క్లయింట్లలో వచ్చిన విండోస్ ఎంబెడెడ్ స్టాండర్డ్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 అక్టోబర్ 13తో మామూలు మద్దతు ఆపేసింది. భద్రతా అప్‌డేట్లు రాని యంత్రాన్ని ఏ సంస్థా నెట్‌వర్క్‌లో ఉంచుకోకూడదు.

2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్క తేల్చింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. పనిచేసే యంత్రాన్ని ఆ గుట్ట మీదికి విసరడం నాకు మనసొప్పని పని. ఆ పాత పెట్టెలో లైనక్స్ వేసి మళ్లీ వాడుకోవడం ఎలాగో ఈ ప్రసంగంలో చెబుతాను. ఒక్క షరతు మాత్రం ముందే పెడుతున్నాను. ఆ పెట్టె స్తోమతను మించిన పని దాని నెత్తిన పెట్టకండి. ముందు పెట్టెను చూడండి, దానికి తగిన పని ఎంచుకోండి, ఆ పనికి తగిన లైనక్స్ వేయండి. ఈ వరస తప్పితే విసుగే మిగులుతుంది.

ముందు పెట్టెను చూడటం. మొదట ప్రాసెసర్ 64 బిట్లదా, 32 బిట్లదా అన్నది తేల్చుకోండి. 64 బిట్లదైతే డెబియన్ అనే లైనక్స్ రకంలో ఇవాళ్టి వెర్షన్ డెబియన్ 13 నిశ్చింతగా వేసుకోవచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన ఈ వెర్షన్‌తో 32 బిట్ల మామూలు పీసీలకు డెబియన్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేశారు. వయా ఈడెన్ ప్రాసెసర్లున్న బాగా పాత హెచ్‌పీ పెట్టెల్లాంటి 32 బిట్లవి దొరికితే యాంటీఎక్స్ గానీ, టైనీ కోర్ గానీ, ఇలాంటి తేలికపాటి లైనక్స్ రకాలు చూడండి. అలాంటివి కొత్తగా డబ్బు పెట్టి మాత్రం కొనకండి.

తర్వాత ర్యామ్. అది తీసి మార్చుకునేదా, బోర్డుకే అతికించినదా? రెండు పెట్టెలు పోల్చి చెబుతాను. హెచ్‌పీ టీ620లో ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది, 16 జీబీ దాకా పెంచుకోవచ్చు. డెల్ వైజ్ 3040లో 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ఎన్నేళ్లయినా అది 2 జీబీయే. స్టోరేజీ సంగతీ అంతే. టీ620లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. 3040లో 8 లేదా 16 జీబీల ఈఎంఎంసీ చిప్ బోర్డు మీదే ఉంటుంది, మార్చడం కుదరదు.

అడాప్టర్ విషయంలో గట్టిగా హెచ్చరిస్తున్నాను. వైజ్ 3040లోనే 5 వోల్టుల రకం ఉంది, 12 వోల్టుల రకం ఉంది. పిన్ను పట్టింది కదా అని చేతికందిన అడాప్టర్ పెట్టారంటే బోర్డు కాలిపోవచ్చు. పెట్టె అడుగున లేబుల్ మీద వోల్టు ఎంతో చదివి, అడాప్టర్ మీద ఉన్నదీ చదివి, రెండూ ఒకటైతేనే స్విచ్ వేయండి. కొనేటప్పుడు అడాప్టర్‌తో సహా అడిగి తీసుకోండి. మానిటర్ సంగతి కూడా చూసుకోండి. 3040కి ఉన్నవి రెండు డిస్‌ప్లేపోర్టులే. వీజీఏ గానీ, హెచ్‌డీఎంఐ గానీ లేవు కాబట్టి మీ మానిటర్‌ను బట్టి కన్వర్టర్ కావాలి.

పెట్టె ఏమిటో తెలిసింది కనుక ఇక పని. నాలుగో ఎనిమిదో జీబీల ర్యామ్ వేసిన టీ620 లాంటి దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ, ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ, ఇలాంటి తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టుకుంటే పిల్లల చదువుకు, ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, లిబ్రేఆఫీస్‌కు, బ్రౌజర్‌కు మామూలు డెస్క్‌టాప్‌గా పనికొస్తుంది. 2 జీబీల 3040లో కూడా డెస్క్‌టాప్ వస్తుంది, వచ్చాక బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరవగానే ఆయాసపడుతుంది. దాన్ని తెర లేని పనుల్లో పెట్టండి. ఇంట్లో ఉన్న పాత యూఎస్‌బీ ప్రింటర్‌ను అందరి ఫోన్లకూ, ల్యాప్‌టాప్‌లకూ అందించే ప్రింట్ సర్వర్‌గా, ఇల్లంతటికీ ప్రకటనలు ఆపే పై-హోల్‌గా, ఫైళ్లు పంచుకునే చోటుగా పెట్టారంటే రాత్రింబవళ్లు చప్పుడు లేకుండా చేస్తుంది. డెస్క్‌టాప్ లేని డెబియన్‌కు సుమారు 2 జీబీ చోటు చాలు, అందువల్ల 8 జీబీల చిప్ కూడా ఇబ్బంది పెట్టదు.

కరెంటు లెక్క చూడండి. వైజ్ 3040 వాడేది 5 వాట్ల అటూ ఇటూ. నెలంతా ఆపకుండా నడిపినా 3.6 యూనిట్లు. అదే పనికి 60 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ పెడితే నెలకు 43 యూనిట్లు దాటుతుంది. డెస్క్‌టాప్ ఒక్క నెలలో తినే కరెంటుతో ఈ పెట్టె దాదాపు ఏడాది నడుస్తుంది.

ఇక ఇన్‌స్టాలేషన్. లోపలున్న పాత సిస్టమ్ ఎప్పటికైనా కావాలనుకుంటే క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో దాని కాపీ ఒకటి బయటి డిస్కులోకి తీసిపెట్టుకోండి. తర్వాత డెబియన్ వారి సొంత సైటు నుంచే ఐఎస్‌ఓ ఫైలు దించుకోండి. దించుకున్న ఫైలు చెడలేదని తేల్చే షా256 సంఖ్య, సైటులో ఇచ్చిన సంఖ్య అక్షరం పొల్లు పోకుండా కలవాలి. కలవకపోతే మళ్లీ దించుకోండి. రూఫస్ గానీ, ఎచర్ గానీ అనే ప్రోగ్రాముతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే ఖాళీ చేసుకోండి.

వీలైతే మొదట లైవ్ ఐఎస్‌ఓతో పెట్టెను నడిపి చూడండి. అది లోపలి స్టోరేజీని ముట్టుకోదు. తెర సరిగా వస్తోందా, శబ్దం వస్తోందా, నెట్ అందుతోందా అన్నవి అప్పుడే తేలిపోతాయి. టీ620లో ఉన్న ఏఎండీ గ్రాఫిక్స్ లాంటివాటికి విడిగా ఫర్మ్‌వేర్ కావాలి. డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది కాబట్టి పాత తిప్పలు చాలావరకు తప్పాయి.

పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేశాక, వైజ్ 3040లో అయితే ఎఫ్ 2 నొక్కితే బయోస్ సెట్టింగులు, ఎఫ్ 12 నొక్కితే బూట్ మెనూ వస్తాయి. సంస్థల్లో వాడినవి కాబట్టి బయోస్ పాస్‌వర్డ్ అడగడం మామూలే. డెల్ తన పత్రాల్లో చెప్పిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఫైర్‌పోర్ట్, మొదటి అక్షరం పెద్ద ఎఫ్. పాత సంస్థ దాన్ని మార్చేసి ఉంటే ఇది పనిచేయదు. అందుకే కొనేటప్పుడు దుకాణంలోనే బయోస్ తెరిపించి చూసుకోండి. లోపలికి వెళ్లాక యూఎస్‌బీ నుంచి బూట్ కావడానికి అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే ఇవ్వండి.

ఇప్పుడు చాలామంది చేతులెత్తేసే చోటికి వచ్చాం. ఇన్‌స్టాలేషన్ చక్కగా పూర్తవుతుంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే, బూట్ కావడానికి ఏమీ దొరకలేదంటూ పెట్టె ఆగిపోతుంది. చిప్ పోయిందనుకుని పక్కన పడేస్తారు. చిప్‌కు ఏమీ కాలేదు. డెబియన్ తన బూట్ ఫైలును ఈఎఫ్‌ఐ విభాగంలో తన పేరున్న ఫోల్డరులో పెట్టి, ఫలానా చోట ఉందని బయోస్‌కు చెబుతుంది. వైజ్ 3040 బయోస్ ఆ మాట పట్టించుకోదు. అది వెతికేది ఒక్కచోటే: ఈఎఫ్‌ఐ అనే ఫోల్డరు, అందులో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్‌ఐ అనే ఫైలు. అక్కడ లేకపోతే దాని దృష్టిలో ఏమీ లేనట్టే.

విరుగుడు తేలిక. డెబియన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర మీద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పర్ట్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి. ప్రశ్నలు ఎక్కువ వస్తాయి, కంగారు పడొద్దు. చాలావాటికి అది చూపించిన జవాబునే ఒప్పుకోవచ్చు. చివర్లో, సిస్టమ్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామును పెట్టే దశలో, ఈఎఫ్‌ఐ రిమూవబుల్ మీడియా పాత్‌లో కూడా గ్రబ్‌ను పెట్టమంటారా అని అడుగుతుంది. అక్కడ ‘ఎస్’ అనండి. అంతే, బయోస్ వెతికే చోట ఫైలు చేరుతుంది. మామూలు పద్ధతిలో ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి ఆగిపోయారా? మళ్లీ మొదటి నుంచి చేయక్కర్లేదు. అదే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి రెస్క్యూ మోడ్‌లోకి వెళితే ఈ పని ఒక్కటీ చేసే అంశం అక్కడ మెనూలోనే ఉంటుంది.

ఈఎంఎంసీ చిప్ మీద రాతలు ఎంత తగ్గితే అది అంత ఎక్కువ కాలం మన్నుతుంది. ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ వాడుకునే స్వాప్‌ను చిప్ మీద పెట్టకండి. దాని బదులు జెడ్‌ర్యామ్ వాడండి, అది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌గా వాడుకుంటుంది. ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాయకుండా నోఎటైమ్ అనే ఆప్షన్ పెట్టండి. తరచూ మారే ఫైళ్లను, పెద్ద ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనో, బయటి డిస్కులోనో ఉంచండి.

తెలుగు విషయంలో దిగులు అక్కర్లేదు. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ రిపాజిటరీలోనే దొరుకుతాయి. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో రాసేవారు అలాగే, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారు అలాగే రాసుకోవచ్చు.

బడులకు, గ్రంథాలయాలకు ప్రత్యేకంగా ఒక పని సూచిస్తాను, ఈ పెట్టెకు ఇంతకంటే మంచి ఉద్యోగం నాకు తోచదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని, ఇంటర్నెట్ లేకుండా చదువుకోవడానికి పనికొస్తుంది. 2003 డిసెంబర్లో మొదలైన తెలుగు వికీపీడియాకు కూడా ఆ ఫైలు ఉంది. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి దించి, ఆ పెన్‌డ్రైవ్‌ను పెట్టెకు గుచ్చి, కివిక్స్ సర్వర్ నడపండి. పెట్టెను ఒక మామూలు వైఫై రౌటర్‌కు కలపండి. ఆ రౌటర్‌కు నెట్ కనెక్షన్ ఉండనక్కర్లేదు. గదిలో ఉన్న పిల్లలు ఫోన్లోనో, పాత ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి పెట్టె అడ్రసు కొడితే తెలుగు వికీపీడియా తెరుచుకుంటుంది. డేటా ఖర్చు లేదు, ప్రకటనలు లేవు, పాఠం మధ్యలో మరో వీడియోలోకి జారిపోయే వీలూ లేదు. నెట్ అందని ఊరి బడికి ఇది చిన్న సాయం కాదు.

సంస్థల్లో బాధ్యత గల స్థానాల్లో ఉన్నవారికి ఒక విన్నపం. పాత థిన్ క్లయింట్లను టోకున తుక్కు కింద తోలేముందు పనిచేసేవి ఏవో వేరు చేయించండి. స్టోరేజీ శుభ్రంగా చెరిపించండి, బయోస్ పాస్‌వర్డ్ తీయించండి, అడాప్టర్లను పెట్టెలతోనే ఉంచండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం కాగితాలు సరిచేసి, రిజిస్టర్ అయిన రిఫర్బిషర్లకు, రీసైక్లర్లకు అప్పగించండి. మీరు పాస్‌వర్డ్ తీయకుండా పంపిన పెట్టె ఇంకొకరికి పనికిరాని ఇటుకే అవుతుంది. కొనేవారు కూడా బిల్లు అడిగి తీసుకోండి. ఏదో సంస్థ ఆస్తి లేబుల్ ఇంకా అంటుకుని ఉండి, అమ్మేవారి దగ్గర ఏ కాగితమూ లేకపోతే ఆ బేరం వదిలేయండి.

అన్నీ అయ్యాక అప్‌డేట్లు మరవకండి. సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లే కదా ఈ పెట్టె మన చేతికొచ్చింది! మళ్లీ ఆ స్థితి రానివ్వకూడదు. డెబియన్‌లో భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టుకోవచ్చు. డెబియన్ 13కు దీర్ఘకాలిక మద్దతు 2030 జూన్ దాకా ఉంటుందని డెబియన్ ప్రకటించింది. వైజ్ 3040లో ఉన్న ఆటమ్ ప్రాసెసర్ 2016లో వచ్చింది. అంటే తుక్కులోకి పోవాల్సిన యంత్రం పద్నాలుగేళ్ల వయసులో కూడా భద్రంగా పనిచేయగలదు. మీ కాలేజీ స్టోర్ రూములోనో, ఆఫీసు అటక మీదో ఇలాంటివి ఉన్నాయేమో ఈ వారంలోనే విచారించండి. ఒక్క పెట్టెతో మొదలుపెట్టండి. అది కుదిరాక, చేసిన పద్ధతిని కాగితం మీద రాసి పక్కవారికి ఇవ్వండి.