ఎముకల మందు: ఎవరి నిర్ణయం?

(ఆరోగ్య హక్కులపై మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్త్రీల వృద్ధాప్యం, ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశం బదులు, నేను మూడు నెలలపాటు తేల్చుకోలేకపోయిన ఒక చిన్న విషయం చెప్తాను. ఎముకలు గుల్లబారాయి, మందు మొదలుపెట్టమని డాక్టరు చీటీ రాసిచ్చారు. ఆ చీటీ మూడు నెలలు నా చేతిసంచీలోనే ఉండిపోయింది. వేసుకోవాలా వద్దా అన్నది నా సొంత గొడవే. కాని తేల్చుకునే క్రమంలో నాకు అర్థమైన విషయాలు నా ఒక్కదానివి కావు.

ముందు నా సంగతి. నాకిప్పుడు 48 ఏళ్ళు. 39వ ఏట గర్భసంచిలో గడ్డలున్నాయని ఆపరేషన్ చేశారు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. "ఎలాగూ పొట్ట కోస్తున్నాం, పిల్లలు పుట్టేశారు, ఇక వాటితో పనేముంది?" అన్నారు. సోషియాలజీలో డాక్టరేటు చేసి, స్త్రీల ఆరోగ్యం మీద వ్యాసాలు రాసిన నేను కూడా తలూపాను. అండాశయాలు తీసిన రోజునుంచే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుందని, దాంతో ఎముక కరిగే వేగం పెరుగుతుందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏడాది తర్వాత వేరే డాక్టరమ్మ హార్మోన్లు వాడితే మంచిదన్నారు. నేను ఖండితంగా వద్దన్నాను. 2002లో అమెరికాలో హార్మోన్ల మీద జరుగుతున్న పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారని, రొమ్ము క్యాన్సరు, పక్షవాతం పెరిగాయని నేను చదివాను. అది నిజమే. కాని అందులోని స్త్రీలు 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళు, సగటు వయసు 63. నలభైకి ముందే అండాశయాలు పోయినవాళ్ళ పరిస్థితి వేరు. వేరే కారణంచేత హార్మోన్లు పడని వాళ్ళు తప్ప, మామూలుగా బహిష్టులు ఆగే వయసు వచ్చేవరకూ వాడమనే వైద్య మార్గదర్శకాలు చెప్తాయి. నేను నా వయసుది కాని లెక్కను నాకు అన్వయించుకున్నాను. వద్దనడమే చైతన్యం అనుకున్నాను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఉద్యమానికి వద్దనడం బాగా తెలుసు. అందుకు న్యాయమైన కారణాలున్నాయి. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాల శిబిరం పెట్టినప్పుడు, అది ప్రయోగమని అక్కడికొచ్చిన స్త్రీలకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి అడిగాకే అది బయటపడింది. 1986లో ఆ విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. మన ముందు తరం అక్కడ అడిగిన ప్రశ్న, "ఈ మందు మంచిదా చెడ్డదా?" అన్నది ఒక్కటే కాదు. "ఆమెకు చెప్పారా?" అన్నది కూడా. మనం క్రమంగా రెండో ప్రశ్నను మర్చిపోయి, మొదటిదానికి జవాబు ఎప్పుడూ "చెడ్డది" అని ఖాయం చేసుకున్నామేమో ఆలోచించాలి.

2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పరీక్షకని మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె తల్లిచేత సంతకం పెట్టించుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేసిన కేసు అది. ఒప్పుకోవలసింది ఆమే, తల్లి కాదు అని కోర్టు చెప్పింది. ఒప్పుకునే ముందు ఆమెకు ఏవేం తెలియాలో కూడా చెప్పింది: వైద్యం ఏమిటి, దాని ప్రయోజనమెంత, వేరే మార్గాలేమిటి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది. ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని నేను డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళాను.

మొదటిది, అసలు నాకున్నదేమిటి? డెక్సా పరీక్షలో నా టీ-స్కోరు మైనస్ 2.7 అని వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోలిస్తే మన ఎముక సాంద్రత ఎంత తక్కువో చెప్పే అంకె ఇది. మైనస్ 2.5, అంతకు తక్కువయితే ఆస్టియోపొరోసిస్ అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. జనాభాలో సమస్య ఎంతుందో లెక్కగట్టడానికి గీసిన గీత అది. పోలికకు తీసుకున్నది తెల్లజాతి యువతులను. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉన్నవాళ్ళకు 'ఆస్టియోపీనియా' అని పేరు పెట్టారు. పేరు పెట్టగానే కోట్లమంది స్త్రీలు ఒక్కరోజులో రోగులైపోయారు. పట్టణాల్లో జరిగే ఉచిత ఎముకల పరీక్ష శిబిరాలు మీకు తెలుసు. అక్కడ మడమ మీద చేసే పరీక్షతో జబ్బును నిర్ధారించకూడదు. ఈ గీతలు దానికి వర్తించవు. అయినా భయపడి, మందుల సంచితో ఇంటికి వచ్చేవాళ్ళను నేను చూశాను.

అలాగని మన దగ్గర సమస్య లేదనుకోవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, సహచరులు పేద కుటుంబాల స్త్రీలను, 30 నుంచి 60 ఏళ్ళవాళ్ళను పరీక్షించి 2005లో ప్రచురించారు. 29 శాతం మందికి తుంటి దగ్గర ఎముక గుల్లబారింది. వాళ్ళు రోజుకు తింటున్న క్యాల్షియం 270 మిల్లీగ్రాములు. 2020లో అదే సంస్థ, ఐసీఎంఆర్ కలిసి పెద్దవాళ్ళకు 1000, బహిష్టులు ఆగినవాళ్ళకు 1200 మిల్లీగ్రాములు కావాలన్నాయి. ఈ తేడా ఏ బిళ్ళలతో వచ్చింది? ఆఖర్న తినే అలవాటుతో, పాలు మగపిల్లలకు పోసే అలవాటుతో, రాగులు పోయి తెల్ల బియ్యం మిగలడంతో వచ్చింది.

రెండో ప్రశ్న, ప్రయోజనమెంత? "సగానికి సగం తగ్గుతుంది" అన్నారు డాక్టరు. దేనిలో సగం అన్నాను. అలెండ్రోనేట్ మందు మీద 1996లో వచ్చిన అధ్యయనం ఉంది. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న రెండు వేలమందిని, 55 నుంచి 81 ఏళ్ళ స్త్రీలను, మూడేళ్ళు చూశారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న వందమందిలో 15 మందికి కొత్తగా వెన్నుపూస విరిగింది, మందు వేసుకున్నవాళ్ళలో 8 మందికి. తుంటి విరిగింది వందకు 2.2, మందు వేసుకున్నవాళ్ళలో 1.1. సగమన్నమాట నిజమే. కాని వందమంది మూడేళ్ళు మందు వేసుకుంటే ఒక తుంటి, ఏడు వెన్నుపూసలు నిలిచాయి అని చెప్తే, అది నాకు అర్థమయ్యే నిజం. 1998లో వెన్నుపూస విరగనివాళ్ళ సంగతి వచ్చింది. మైనస్ 2.5 కంటే తక్కువ ఉన్నవాళ్ళకు వైద్యం అవసరమైన విరుగుళ్ళు తగ్గాయి. అంతకు పైనున్నవాళ్ళకు ఆ విషయంలో స్పష్టమైన లాభం కనబడలేదు. అంటే ఈ మందు ఎవరికి అవసరమో వాళ్ళకు గట్టిగా పనిచేస్తుంది. 'ఆస్టియోపీనియా' అని భయపెట్టినవాళ్ళందరికీ కాదు.

అప్పుడు నేను అడిగాను, నాకు ఇప్పటికే ఏదైనా విరిగిందా అని. అది ఎవరూ చూడలేదు. వెన్నుకు పక్కనుంచి మామూలు ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. తీయిస్తే ఒక పూస అణిగి ఉంది. రెండేళ్ళుగా బస్సు ప్రయాణాల వల్ల అనుకున్న నడుంనొప్పి అదేనేమో. విరిగిన వెన్నుపూసల్లో చాలావరకు ఇలా తెలియకుండానే ఉండిపోతాయి. నా పొడవు కూడా పెళ్ళినాటికంటే మూడు సెంటీమీటర్లు తగ్గింది. ఆ అధ్యయనంలోని స్త్రీల వయసు నాకు లేదు, కాబట్టి నా లెక్క అచ్చంగా వాళ్ళదే కాదు. కాని మందు ఎవరికి ఎక్కువ ఉపయోగమో ఆ గుంపుకు నేను దగ్గరయ్యాను.

మూడోది, ప్రమాదాలు. పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో వారానికొక బిళ్ళ. అరగంటపాటు పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు పనికిరాదు. ఈ మందు వాడుతుండగా పన్ను పీకిస్తే, చాలా అరుదుగా దవడ ఎముక మానదు, కనుక పళ్ళ పని ముందే చూసుకోవాలి. ఏళ్ళ తరబడి వాడితే తొడ ఎముక మధ్యలో విరగడం కూడా అరుదుగా ఉంది. అందుకే ఐదేళ్ళకు ఆగి మళ్ళీ ఆలోచించాలి. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అలా కాదు. దాన్ని మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. డబ్బులు లేకో, ఊరు మారో మానేసే పరిస్థితి ఉన్నవాళ్ళకు ఇది మొదలుపెట్టే ముందే చెప్పాలి.

ఇంకొకటి మన ప్రాంతాలకు ముఖ్యం. డి విటమిన్ బాగా తక్కువైతే ఎముక మెత్తబడుతుంది. అది వేరే జబ్బు, పరీక్షలో మాత్రం ఇలాగే కనబడుతుంది. దాన్ని సరిచేయకుండా ఈ మందులివ్వకూడదు. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో దీనికి తలకిందులు. పరీక్షలో ఎముక గట్టిగా కనబడుతుంది, కాని పెళుసుగా ఉంటుంది. ఒక్క అంకెను చూసి చీటీ రాయడం తప్పనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నాలుగోది, వేరే మార్గాలు, వద్దంటే జరిగేది. తిండి, ఎండ, నడక, బరువులెత్తే వ్యాయామం, ఇంట్లో జారిపడకుండా జాగ్రత్త, ఇవన్నీ అందరికీ కావాలి. నా స్థితిలో అవి మందుతోపాటే తప్ప మందుకు బదులు కావు. వద్దంటే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మ తుంటి విరిగి పదకొండు నెలలు మంచంలో ఉండి పోయింది. ఆమె పక్కబట్టలు మార్చింది, అందుకోసం ఉద్యోగం మానుకుంది మా వదిన. ఒక స్త్రీ ఎముక విరిగితే ఇంట్లో ఇంకో స్త్రీ జీవితం కూడా ఆగిపోతుంది.

డి విటమిన్ సరిచేసుకుని, పళ్ళు చూపించుకుని నేను మందు మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే వేసుకుంటాను. ఐదేళ్ళ తర్వాతి తారీకు డైరీలో రాసుకున్నాను. అదే డాక్టరు, అదే చీటీ. మూడు నెలల కింద వేసుకుని ఉంటే అది ఆయన నిర్ణయం. ఇప్పుడు నాది. ఇంకొకామె ఇవే ప్రశ్నలడిగి వద్దనుకుంటే, అదీ ఆమె నిర్ణయమే. మనం గౌరవించాలి.

కాని నాకు అడగడానికి చదువుంది, డెక్సాకు డబ్బుంది. మన సంఘంలో పనిచేసే అక్క ఒకావిడ 54వ ఏట బోరింగు దగ్గర జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టి పంపించేశారు. ఆ వయసులో నిలబడ్డచోట పడితే ఎముక విరగడమే అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ముప్పై రెండేళ్ళకే గర్భసంచి తీశారని, అండాశయాలు ఉంచారో తీశారో తనకే తెలియదని నాతో చెప్పింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వీళ్ళ ఎముకల గురించి ఎవరు ఆలోచిస్తున్నారు? విరగనివాళ్ళకు శిబిరాలు, విరిగినవాళ్ళకు వట్టి కట్టు. మన రాజకీయం ఇక్కడుంది.

కాబట్టి మీరు ఊళ్ళకు వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి. గర్భసంచి తీయించుకున్న ప్రతి స్త్రీ డిశ్చార్జి కాగితంలో అండాశయాల సంగతి రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రిని అడగండి. నలభై ఐదు దాటాక చిన్నపాటుకే ఎముక విరిగినవాళ్ళ జాబితా తయారుచేయండి. వాళ్ళకు వెన్ను ఎక్స్‌రే, డి విటమిన్ పరీక్ష, అవసరమైతే మందు ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఇవ్వాలని పట్టుబట్టండి. ఉచిత శిబిరం పెట్టినచోట, ఖర్చు ఎవరు పెట్టారని అడగండి.

ఆ అక్కకు వచ్చే మంగళవారం జిల్లా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయిస్తున్నాం. ఆమె తనతోపాటు నా ప్రశ్నల కాగితం అడిగి తీసుకుంది.